పక్క కంప్యూటర్‌లోని ఫోల్డర్ తెరుచుకోకపోతే



మీరు మన సొసైటీకి ఇచ్చే సాయంలో డబ్బు ఒక భాగం. మీ ఇళ్లలో, దుకాణాలలో కొన్నాళ్లు వాడి ఇచ్చిన కంప్యూటర్లు మరో భాగం. ఉపకార వేతనాల దరఖాస్తులు నింపడానికి, జకాత్ లెక్కలు రాయడానికి, ట్యూషన్ పిల్లల హాజరు వేయడానికి అవే ఆధారం. ఒక గదిలో రెండు మూడు కంప్యూటర్లు చేరగానే ఒక అవసరం పుడుతుంది. ఒకదానిలో ఉన్న ఫోల్డర్‌ను మిగతా వాటి నుంచి కూడా తెరవగలగాలి. లేకపోతే ఒకే జాబితా మూడు చోట్ల మూడు రకాలుగా తయారవుతుంది. పెన్‌డ్రైవ్ చేతులు మారుతూ తిరుగుతుంది.

ఇందుకు పెద్ద సర్వర్ అక్కరలేదు. ఇంట్లో ఇంటర్నెట్ కోసం పెట్టించుకునే మామూలు రౌటర్ చాలు. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా మీ ఇంట్లో మీ డెస్క్‌టాప్‌కూ అబ్బాయి లాప్‌టాప్‌కూ కూడా వర్తిస్తుంది.

చిక్కు ఎక్కడంటే, నిన్నటిదాకా తెరుచుకున్న ఫోల్డర్ ఈ రోజు తెరుచుకోదు. దరఖాస్తు గడువు రేపటితో ముగుస్తుంది. ఆదాయ ధ్రువపత్రం, బోనఫైడ్, బ్యాంకు పాస్‌బుక్ స్కాన్ చేసి పెట్టింది ఆ ఫోల్డర్‌లోనే. ఆ హడావుడిలో ఎవరో ఒకరు ఫైర్‌వాల్ ఆపేసి, పాస్‌వర్డ్ తీసేసి, అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చేస్తారు. ఫోల్డర్ తెరుచుకుంటుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఆ క్షణం నుంచి ఆ వైఫై పాస్‌వర్డ్ తెలిసిన ప్రతి ఒక్కరికీ అది తెరుచుకుంటుంది. అందులో పిల్లల ఆధార్ నకళ్లున్నాయి. నెలనెలా రేషన్ తీసుకునే వితంతువుల పేర్లున్నాయి. ఆపరేషన్‌కు సాయం అడిగినవారి వైద్య నివేదికలున్నాయి.

మేము చెప్పదలచింది ఒక్కటే. ఫోల్డర్ తెరుచుకోకపోవడానికి కారణం సాధారణంగా ఒకచోటే ఉంటుంది. ఆ చోటు ఏదో కంప్యూటరే చాలావరకు చెబుతుంది. దాన్ని కనుక్కుని అక్కడే సరిచేయాలి. ఒక తాళం పట్టేసిందని ఇంట్లోని తలుపులన్నీ ఊడదీయనక్కరలేదు.

ముందు తెర మీద ఏం రాసిందో చదవండి

ఫోల్డర్ ఉన్నదాన్ని మొదటి కంప్యూటర్ అనీ, దాన్ని తెరవాలనుకునేదాన్ని రెండో కంప్యూటర్ అనీ అనుకుందాం. రెండింటిలోనూ విండోస్ ఉందనుకుందాం.

రెండో కంప్యూటర్ నుంచి మొదటిదానిలోకి వెళ్లడం ఒక ఇంటికి వెళ్లడం లాంటిది. వీధి సరైనదై ఉండాలి. ఇల్లు ఏదో తెలియాలి. తలుపు తెరిచి ఉండాలి. లోపలివారు మనల్ని గుర్తుపట్టాలి. చివరికి బీరువా తెరిచే అనుమతి ఉండాలి. ఈ అయిదు మెట్లలో మనం ఎక్కడ ఆగిపోయామో తెర మీద వచ్చే సందేశం చెబుతుంది.

"నెట్‌వర్క్ పాత్ దొరకలేదు" అనే అర్థంతో సందేశం వస్తే, లేదా 80070035 అనే సంఖ్య కనిపిస్తే, మీరు ఇంటి లోపలికే చేరలేదు. మొదటి మూడు మెట్లు చూడాలి. యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడుగుతూ మీరిచ్చింది తప్పంటుంటే తలుపు దాటి, గుర్తింపు దగ్గర ఆగారు. "యాక్సెస్ డినైడ్" అనో, మీకు అనుమతి లేదనో వస్తే మీరెవరో దానికి తెలిసింది, బీరువా మాత్రమే తెరవనివ్వడం లేదు. చాలామంది సందేశం చదవకుండానే పెట్టె మూసేస్తారు. దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకోవడం మంచి అలవాటు. సాయం చేయడానికి వచ్చినవారికి సగం పని అక్కడే తగ్గుతుంది.

ఒకటి: రెండూ ఒకే వీధిలో ఉన్నాయా

మొదటి కంప్యూటర్ వెలుగుతూ ఉందా, నిద్రావస్థలోకి వెళ్లిందా చూడండి. షేర్ చేసిన ఫోల్డర్ దాని డిస్క్‌లోనే ఉంటుంది కాబట్టి అది పడుకుంటే ఫోల్డర్ కూడా అందదు. ఆఫీసు వేళల్లో అది నిద్రపోకుండా పవర్ సెట్టింగ్స్‌లో మార్చుకోవాలి.

తర్వాత రెండు కంప్యూటర్లలోనూ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి "ఐపీకాన్ఫిగ్" ఆదేశం ఇవ్వండి. ఐపీవీ4 చిరునామా అనే వరుసలో 192.168.1.10 వంటి సంఖ్య కనిపిస్తుంది. మామూలు ఇంటి రౌటర్ల కింద రెండు కంప్యూటర్లకూ మొదటి మూడు భాగాలు ఒకేలా ఉండాలి. ఒకదానికి 192.168.1 అనీ, ఇంకోదానికి 192.168.0 అనీ ఉంటే అవి వేర్వేరు వీధుల్లో ఉన్నట్టే. వెనక గదిలోకి సిగ్నల్ అందడం లేదని రెండో రౌటర్ తెచ్చి తగిలించిన ఇళ్లలో ఇది మామూలే. ఆ రెండో రౌటర్‌ను "యాక్సెస్ పాయింట్" పద్ధతిలోకి మారిస్తే రెండూ ఒకే వీధిలోకి వస్తాయి. చిరునామా 169.254తో మొదలైతే ఆ కంప్యూటర్‌కు రౌటర్ నుంచి చిరునామానే అందలేదని అర్థం. కేబుల్ లేదా వైఫై సంగతి చూడాలి.

ఒక కంప్యూటర్ "గెస్ట్" వైఫైలో ఉన్నా ఇంతే. గెస్ట్ వైఫై సాధారణంగా ఇంటర్నెట్ ఇస్తుంది గానీ మిగతా కంప్యూటర్లను చూడనివ్వదు. అది లోపం కాదు, దాని ఉద్దేశమే అది.

రెండు: ఇల్లు ఏదో తెలిసిందా

"నెట్‌వర్క్" అనే చోట మొదటి కంప్యూటర్ బొమ్మ కనిపించకపోతే చాలామంది అంతా పాడైపోయిందనుకుంటారు. బొమ్మ కనిపించడం వేరు, దారి ఉండడం వేరు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పైనున్న గీతలో, వెనక్కి వాలిన గీతలు రెండు పెట్టి, మొదటి కంప్యూటర్ చిరునామాను నేరుగా టైపు చేయండి. ఇలా: \\192.168.1.10. ఫోల్డర్ కనిపిస్తే దారి బాగానే ఉంది, పేరు తెలియడంలోనే చిక్కు. అప్పుడు మొదటి కంప్యూటర్‌లో "ఫంక్షన్ డిస్కవరీ" పేరుతో ఉండే రెండు సర్వీసులు నడుస్తున్నాయో లేదో చూస్తే తరచూ సరిపోతుంది.

నిన్న పనిచేసిన చిరునామా ఈ రోజు పనిచేయకపోతే రౌటర్ దానికి కొత్త సంఖ్య ఇచ్చి ఉంటుంది. రౌటర్ సెట్టింగ్స్‌లో ఆ కంప్యూటర్‌కు ఒకే చిరునామా ఎప్పుడూ దక్కేలా కేటాయించవచ్చు. ఒక్కసారి చేసి పెడితే ఈ బాధ తీరుతుంది.

మూడు: తలుపు తెరిచి ఉందా

విండోస్ ప్రతి వైఫైనీ రెండు రకాలలో ఒకటిగా చూస్తుంది. "పబ్లిక్" అంటే రైల్వే స్టేషన్, హోటల్ వంటివి. "ప్రైవేట్" అంటే మన ఇల్లు, మన ఆఫీసు. పబ్లిక్ అనుకుంటే అది జాగ్రత్తకొద్దీ తలుపు వేసేస్తుంది. రౌటర్ మార్చినా, వైఫై పేరు మార్చినా విండోస్ దాన్ని కొత్త చోటుగా భావించి పబ్లిక్ అని పెట్టేయవచ్చు. "ఏమీ మార్చలేదు, అయినా ఆగిపోయింది" అన్న ఫిర్యాదు వెనక తరచూ ఉండే కారణం ఇదే. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌కు వెళ్లి, ఆ వైఫై ప్రాపర్టీస్ తెరిచి "ప్రైవేట్" ఎంచుకోవాలి.

తర్వాత అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ విభాగం కింద "నెట్‌వర్క్ డిస్కవరీ", "ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్" రెండూ ఆన్ చేయాలి. అక్కడే "పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్" అని ఇంకొకటి ఉంటుంది. దాన్ని ఆఫ్ చేయకండి. బయట కొన్న యాంటీవైరస్ ఉంటే దాని ఫైర్‌వాల్ విడిగా అడ్డుపడవచ్చు. దాన్ని పూర్తిగా ఆపకుండా, అందులోనూ మన వైఫైని నమ్మదగినదిగా గుర్తిస్తే చాలు.

నాలుగు: లోపలివారు గుర్తుపట్టారా

ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. అడుగుతున్నది రెండో కంప్యూటర్ పాస్‌వర్డ్ కాదు. మొదటి కంప్యూటర్‌లో ఉన్న ఖాతా పేరు, దాని పాస్‌వర్డ్. తెర తెరవడానికి రోజూ కొట్టే పిన్ ఇక్కడ పనికిరాదు. పిన్ ఆ ఒక్క యంత్రానికే పరిమితం. అసలు పాస్‌వర్డే లేని ఖాతాతో నెట్‌వర్క్ మీదుగా లోపలికి రావడాన్ని విండోస్ మామూలుగా ఒప్పుకోదు. ఈమెయిల్‌తో తెరిచే మైక్రోసాఫ్ట్ ఖాతా అయితే ఆ ఈమెయిల్, దాని పాస్‌వర్డ్ ఇవ్వాలి.

వీటన్నిటికన్నా సులువైన పద్ధతి ఉంది. మొదటి కంప్యూటర్‌లో, ఫోల్డర్ వాడే ప్రతి మనిషికీ ఒక లోకల్ ఖాతా తెరిచి, మంచి పాస్‌వర్డ్ పెట్టండి. ఎవరిది వారికే తెలియాలి. ఒకరు పని మానేస్తే ఆ ఒక్క ఖాతా తీసేస్తే సరిపోతుంది, మిగతావారి పాస్‌వర్డ్‌లు మార్చనక్కరలేదు.

పాస్‌వర్డ్ మార్చిన తర్వాత కూడా తప్పంటూనే ఉంటే రెండో కంప్యూటర్ పాతదాన్ని గుర్తుపెట్టుకుని అదే పంపుతోందని అర్థం. కంట్రోల్ పానెల్‌లోని "క్రెడెన్షియల్ మేనేజర్"కు వెళ్లి, విండోస్ క్రెడెన్షియల్స్ కింద మొదటి కంప్యూటర్ పేరుతో ఉన్నదాన్ని తొలగించి, కంప్యూటర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి.

అయిదు: బీరువా తెరిచే అనుమతి ఉందా

ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే "షేరింగ్", "సెక్యూరిటీ" అని రెండు పుటలు కనిపిస్తాయి. షేరింగ్‌లోది నెట్‌వర్క్ మీదుగా వచ్చేవారికి గది తలుపు దగ్గర ఇచ్చే అనుమతి. సెక్యూరిటీలోది బీరువా అనుమతి. నెట్‌వర్క్ నుంచి వచ్చే మనిషి రెండూ దాటాలి. రెండింటిలో ఏది గట్టిదైతే అదే చెల్లుతుంది. షేరింగ్‌లో పూర్తి అధికారం ఇచ్చినా, సెక్యూరిటీలో ఆ మనిషి పేరు లేకపోతే తెరుచుకోదు. చదవడానికి మాత్రమే ఉంటే తెరుచుకుంటుంది కానీ సేవ్ కాదు. రెండు చోట్లా ఆ ఖాతా పేరు చేర్చి తగిన అనుమతి ఇవ్వండి.

ఫోల్డర్ తెరుచుకుని అందులో ఒక్క ఫైలు మాత్రం మొండికేస్తే, అది ఎక్కడినుంచి వచ్చిందో అడగండి. అదే డ్రైవ్‌లో వేరే చోటినుంచి కట్ చేసి తెచ్చిన ఫైలు తన పాత అనుమతులను వెంట తెచ్చుకోవచ్చు. కాపీ చేసిన ఫైలు కొత్త ఫోల్డర్ అనుమతులను తీసుకుంటుంది. ఎక్సెల్ ఫైలు చదవడానికి మాత్రమే తెరుచుకుంటే, బహుశా పక్క కంప్యూటర్‌లో ఇంకొకరు దాన్ని తెరిచి ఉంచారు. ఒక్క కేక వేస్తే తీరిపోతుంది.

పాత యంత్రాలు, కొత్త నియమాలు

విరాళంగా వచ్చిన కంప్యూటర్లు వేర్వేరు వయసులవి కావడం వల్ల మరో చిక్కు ఉంది. విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునే భాషను ఎస్ఎంబీ అంటారు. దాని మొదటి రూపం చాలా పాతది, భద్రత లేనిది. 2017 మే నెలలో వాన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాం ఆ పాత రూపంలోని లొసుగు గుండా ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకి ప్రపంచమంతటా ఫైళ్లకు తాళాలు వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఆ లొసుగును పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలో విడుదల చేసింది. అది వేసుకోని యంత్రాలే ఎక్కువగా దెబ్బతిన్నాయి.

ఆ ఏడాది చివరి నుంచి కొత్తగా వేసే విండోస్ 10లో ఆ పాత రూపం లేకుండానే వస్తోంది. కాబట్టి ఏ పాత స్కానరో, పాత నిల్వ పెట్టెనో కొత్త కంప్యూటర్‌తో మాట్లాడకపోతే, పాత రూపాన్ని తిరిగి ఆన్ చేయమని సలహా వస్తుంది. అలా చేయకండి. స్కానర్ నుంచి పెన్‌డ్రైవ్‌లోకో, యూఎస్‌బీ తీగతోనో తీసుకోవడం మేలు. అలాగే 2024లో వచ్చిన విండోస్ 11 కొత్త రూపం ప్రో ఎడిషన్‌లో, పాస్‌వర్డ్ లేకుండా అతిథిగా లోపలికి వెళ్లే పద్ధతిని ఆపేసింది. పాస్‌వర్డ్ లేకుండా నడిచిన షేరింగ్ ఆ అప్‌డేట్ తర్వాత ఆగిపోతే తప్పు అప్‌డేట్‌ది కాదు. ఖాతాలు పెట్టుకోవడమే మందు.

తొందరలోనైనా చేయకూడనివి

ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఆపకండి. కారణం అదేనా అని పరీక్షించడానికి క్షణం ఆపినా వెంటనే తిరిగి ఆన్ చేయండి. మొత్తం సీ డ్రైవ్‌ను షేర్ చేయకండి, అవసరమైన ఫోల్డర్ ఒక్కటే చేయండి. ఇంటి నుంచి కూడా తెరవాలని రౌటర్‌లో 445 అనే పోర్టును ఇంటర్నెట్‌కు తెరవకండి. అది వీధి తలుపు తీసి ఊరంతటికీ చాటింపు వేయడమే. షేర్డ్ ఫోల్డర్‌ను బ్యాకప్ అని కూడా అనుకోకండి. ఒకరు పొరపాటున చెరిపితే అందరికీ చెరిగిపోతుంది. వారానికొకసారి బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ తీసి, డిస్క్‌ను ఊడదీసి బీరువాలో పెట్టండి. తగిలించి వదిలేసిన డిస్క్ వాన్నాక్రై వంటివాటికి ఫోల్డర్‌తో పాటే చిక్కుతుంది.

ఇది అమానత్ గనుక

ఇన్ని జాగ్రత్తలు ఒక ఫోల్డర్‌కు అవసరమా అని అనిపించవచ్చు. దానం బహిరంగంగా చేసినా మంచిదే గానీ, గోప్యంగా పేదవారికి అందిస్తే మరింత మేలని ఖుర్ఆన్ రెండో సూరా మనకు నేర్పుతుంది. మీలో చాలామంది పేరు రాయవద్దని చెప్పి మరీ ఇస్తారు. ఇచ్చేవారి పేరు దాచేటప్పుడు పుచ్చుకునేవారి పేరు ఇంకెంత జాగ్రత్తగా దాచాలి! ఒక తల్లి తన బిడ్డ ఫీజు కోసం మన గడప తొక్కిన సంగతి ఆ బిడ్డ తోటి పిల్లలకు తెలియకూడదు. ట్యూషన్ పిల్లలు వాడే వైఫైలోనే ఆమె దరఖాస్తు అందరికీ తెరుచుకునేలా ఉంటే, మనం ఎంత మెల్లగా మాట్లాడినా ఏం లాభం? 2023లో పార్లమెంటు వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణకు ఒక చట్టం కూడా చేసింది. చట్టం సంగతి అలా ఉంచినా, మన దీన్ ప్రకారం అది అమానత్.

ఆచరణలో ఇది కష్టమేమీ కాదు. రెండు ఫోల్డర్లు ఉంచాలి. ఖాళీ దరఖాస్తు ఫారాలు, పాఠాలు, నోటీసులు ఉన్నది ఆఫీసులో అందరికీ. లబ్ధిదారుల వివరాలున్నది ఆ పని చూసే ఇద్దరి ఖాతాలకు మాత్రమే. పిల్లలు వాడే కంప్యూటర్లకు గెస్ట్ వైఫై. ఆధార్ అవసరమైన చోట, కుదిరితే చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ నకలు. ఏడాదికొకసారి పని ముగిసిన పత్రాల తొలగింపు. ఇంతే.

దాతలకు మా మనవి

కంప్యూటర్ ఇచ్చే ముందు మీ ఫొటోలు, బ్యాంకు పత్రాలు కాపీ చేసుకుని, సెట్టింగ్స్‌లోని "రీసెట్ దిస్ పీసీ" ద్వారా అంతా తుడిచేసి ఇవ్వండి. మీ సమాచారమూ అమానతే. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కాబట్టి విండోస్ 11 నడిచే యంత్రమైతే మరింత ఉపయోగం. అంతకన్నా పాతదైనా ఇవ్వండి, లబ్ధిదారుల వివరాలకు కాకుండా పిల్లల టైపింగ్ అభ్యాసానికి వాడవచ్చు. యంత్రం లేనివారు ఒక బయటి హార్డ్ డిస్క్ ఇచ్చినా అది పెద్ద సాయమే. మీ ఇంట్లో కంప్యూటర్ చదువుకున్న పిల్లలుంటే నెలకొక ఆదివారం ఒక గంట పంపండి. పైన చెప్పిన అయిదు మెట్లూ వారు మా వాళ్ల పక్కన కూర్చుని ఒకసారి చేసి చూపిస్తే, ఆ తర్వాత గడువు రోజున ఎవరినీ పిలవనక్కరలేదు.

మీ దానంలో ప్రతి రూపాయీ, ప్రతి యంత్రమూ, ఆ యంత్రంలో ఉన్న ప్రతి పేరూ భద్రంగా ఉండేలా మనందరికీ అల్లాహ్ సామర్థ్యం ప్రసాదించుగాక. ఆమీన్.